పరాయి తరగతిలో రెండో టీచరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విదేశాల్లో ఇంగ్లిష్ బోధనకి సాయం చేసే సాంస్కృతిక మార్పిడి కార్యక్రమాల గురించి ఈ నెల ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. కోనసీమ నుంచి వచ్చినవీ, పశ్చిమ డెల్టా నుంచి వచ్చినవీ ఒకే చోట కలిపి జవాబిస్తున్నాం. ఒకే సంగతి అడిగినవాళ్ళ ప్రశ్నలు ఒకటిగా కలిపేశాం.

పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు: ఎం.ఏ. ఇంగ్లిష్, బి.ఎడ్. చేశానండి. బయటి దేశాల బడుల్లో ఇంగ్లిష్ సహాయక టీచరుగా వెళ్ళాలని ఉంది. ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్ళకి తప్ప మనకి ఇవ్వరని కాలేజీలో అంటున్నారు. నిజమేనా?

సగం నిజం. దక్షిణ కొరియానే తీసుకోండి. అక్కడి ప్రభుత్వ బడులకి టీచర్లను పిలిచే ఎపిక్ కార్యక్రమం మామూలుగా ఏడు దేశాల పౌరులనే తీసుకుంటుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా. జాబితా చూసి మనవాళ్ళు అక్కడితో ఆగిపోతారు. కానీ 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత్–కొరియా ఆర్థిక ఒప్పందం వల్ల భారతీయులకి ఒక పక్కవాకిలి ఉంది. డిగ్రీతో పాటు ఇంగ్లిష్ బోధించే టీచరుగా అర్హత పత్రం చూపించాలి. అంటే మీ ఎం.ఏ. కంటే మీ బి.ఎడ్.కే అక్కడ విలువెక్కువ. ఏడాదికి రెండు విడతలు చేర్చుకుంటారు, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి.

విదేశీయులను తమ బడులకి సహాయక టీచర్లుగా పిలిచే జపాన్ జెట్ కార్యక్రమం 1987లో మొదలైంది. దరఖాస్తు ఆ దేశపు రాయబార కార్యాలయం ద్వారానే వెళ్ళాలి. సహాయక టీచరుకి ఏదో ఒక డిగ్రీ ఉంటే సరిపోతుంది, బి.ఎడ్. అడగరు. ఒప్పందం ఏడాదికొకసారి, అయిదేళ్ళ దాకా పొడిగించుకోవచ్చు. ఏ ఏడు ఏ దేశానికి ఎన్ని చోట్లు ఇస్తారన్నది ఆ ఏటి ప్రకటనలో ఉంటుంది. ఇరుగుపొరుగు మాట నమ్మకుండా అది చదవండి.

అమెరికా వైపు ఫుల్‌బ్రైట్ విదేశీ భాషా బోధనా సహాయకుల కార్యక్రమం ఉంది. పేరు చూసి పొరబడకండి. అక్కడి కాలేజీలో మీరు నేర్పేది ఇంగ్లిష్ కాదు, మీ భాష. వయసు 21 నుంచి 29 లోపు, తొమ్మిది నెలల కాలం, డిగ్రీ రాదు. కానీ వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఇంగ్లిష్ టీచర్లే. పరాయి భాషగా ఒక భాషని ఎలా నేర్పుతారో లోపలి నుంచి చూసి వచ్చి, ఇక్కడ ఇంగ్లిష్ చెప్పేటప్పుడు వాడుకోవాలన్నదే ఉద్దేశం. ఏ ఏడు ఏ భారతీయ భాషలకి పిలుపు ఉందో హైదరాబాదులో కూడా కార్యాలయం ఉన్న అమెరికా–భారత విద్యా సంస్థ ప్రకటిస్తుంది.

ఇక 'మనకెవరిస్తారు' అన్న మాట సంగతి. హైదరాబాదులో 1958లో పుట్టి, ఇప్పుడు ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) అని పిలుస్తున్న సంస్థ, వియత్నాం, లావోస్, కంబోడియా వంటి దేశాల్లో ఇంగ్లిష్ శిక్షణ కేంద్రాలు పెట్టడానికి భారత ప్రభుత్వం తరఫున పని చేసింది. 1964లో మొదలైన ఐటెక్ అనే భారత ప్రభుత్వ శిక్షణ పథకం కింద విదేశీయులు మన దగ్గరికే వచ్చి ఇంగ్లిష్ నేర్చుకుని వెళుతున్నారు. ఇంగ్లిష్‌ని రెండో భాషగా కష్టపడి నేర్చుకున్నవాళ్ళకే, నేర్చుకునేవాడు ఎక్కడ జారతాడో తెలుస్తుంది. ఇంటర్వ్యూలో ఈ మాట చెప్పడానికి సిగ్గుపడకండి.

అమలాపురం నుంచి ఒక తండ్రి: మా అమ్మాయికి ఫుల్‌బ్రైట్ వచ్చేలా ఉంది. డాలస్ సంబంధం కూడా మాట్లాడుతున్నాం, అబ్బాయి హెచ్-1బి. తొమ్మిది నెలలయ్యాక అటునుంచి అటే కాపురానికి పంపేయొచ్చా?

పంపలేరండి. ముహూర్తం పెట్టుకోకముందే ఈ సంగతి తెలియాలి.

ఫుల్‌బ్రైట్ వాళ్ళు వెళ్ళేది జె-1 వీసా మీద. ప్రభుత్వ డబ్బుతో వెళ్ళే జె-1 వాళ్ళకి రెండేళ్ళ స్వదేశ నివాసం అనే షరతు ఉంది. కార్యక్రమం అయ్యాక మొత్తం రెండేళ్ళు సొంత దేశంలో గడపాలి. ఆ లెక్క తీరేదాకా హెచ్, ఎల్ వీసాలు రావు, గ్రీన్‌కార్డూ రాదు. హెచ్ అంటే ఉద్యోగం చేసే హెచ్-1బి ఒక్కటే కాదు, భార్యగా వెళ్ళే హెచ్-4 కూడా అందులోదే. పెళ్ళి మీద వెళ్ళే కె వీసాకీ అదే అడ్డు. చూడ్డానికి వెళ్ళి రావచ్చు. ఇక్కడికి వచ్చి చదువు వీసాకి దరఖాస్తు పెట్టుకోవచ్చు కూడా. అయితే చదువుకున్న రోజులు రెండేళ్ళ లెక్కలోకి రావు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. 2024 డిసెంబరులో అమెరికా తన నైపుణ్యాల జాబితా (ఫలానా రంగాల వాళ్ళు సొంత దేశానికి కావాలంటూ ఈ షరతు పెట్టే జాబితా) నుంచి భారతదేశాన్ని తీసేసింది. దాన్ని పట్టుకుని 'ఇండియాకి రెండేళ్ళ షరతు పోయింది' అని కొన్ని కన్సల్టెన్సీలు ప్రచారం చేస్తున్నాయి. షరతు పడటానికి కారణాలు వేరు వేరుగా ఉంటాయి. నైపుణ్యాల జాబితా ఒక కారణం, ప్రభుత్వ డబ్బు ఇంకో కారణం. మొదటిది పోయినా రెండోది పోలేదు. ఫుల్‌బ్రైట్ మీద రెండోది ఉంటుంది. మినహాయింపుకి దరఖాస్తు పెట్టే పద్ధతి ఉంది గానీ, ఫుల్‌బ్రైట్ వాళ్ళకి స్వదేశం 'అభ్యంతరం లేదు' అన్నంత మాత్రాన అది దొరకడం మహా కష్టం. దాన్ని నమ్ముకుని పెళ్ళి ఖాయం చేసుకోవద్దు.

అమ్మాయి చేతికి డీఎస్-2019 అనే కాగితం వచ్చినప్పుడూ, వీసా స్టిక్కరు వేసినప్పుడూ షరతు ఉందో లేదో వాటి మీద గుర్తు ఉంటుంది. అబ్బాయి వాళ్ళకి ఆ కాగితం ముందే చూపించెయ్యండి. తరువాత తెలిసి రెండు ఇళ్ళూ బాధపడేకంటే అది నయం.

భీమవరం నుంచి ఒక పాఠకుడు: ఎంపికయ్యాను. 'మీ సంస్కృతి పరిచయం చేసే పాఠం' ఒకటి సిద్ధం చేసుకుని రమ్మన్నారు. పూతరేకులు, సంక్రాంతి, గోదావరి మీద 60 స్లైడ్లు చేశాను. చాలా?

60 ఎక్కువ. ఆరు ఉంచండి.

ఈ కార్యక్రమాల్లో ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. టీచరు 35 నిమిషాలు బొమ్మలు చూపిస్తూ మాట్లాడతాడు, పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు, చప్పట్లు కొడతారు. అందరూ సంతోషంగా ఇంటికెళతారు. ఆ గంటలో ఒక్క పిల్లాడైనా ఇంగ్లిష్‌లో పది ముక్కలు మాట్లాడాడా? మాట్లాడలేదు. అది హరికథ అవుతుంది తప్ప భాషా పాఠం అవదు. పాఠం బాగుందో లేదో తెలుసుకోవడానికి గడియారం చాలు: పిల్లల నోరు ఎన్ని నిమిషాలు ఆడింది, మీ నోరు ఎన్ని నిమిషాలు ఆడింది?

పూతరేకులనే తీసుకుని చూపిస్తాం. ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్నది మీకు గొప్ప, పదమూడేళ్ళ జపాన్ పిల్లాడికి ఏమీ కాదు. వాడికి ఆశ్చర్యం కలిగించేది తయారీ: బియ్యం నానబెట్టడం, మెత్తగా రుబ్బి పలచన చేయడం, కుండని బోర్లించి కింద ఆకుల మంట పెట్టడం, పలుచని గుడ్డని ఆ పిండిలో ముంచి కుండ మీద ఒక్క ఊపులో లాగడం, పొర ఎండి రేకై లేవడం, నెయ్యి, పంచదార వేసి మడవడం. దీన్ని ఎనిమిది బొమ్మల చీటీలుగా చేయండి. ఇద్దరిద్దరు పిల్లల్ని జత కట్టి ఒకరికి నాలుగు, ఇంకొకరికి నాలుగు ఇవ్వండి. చీటీలు ఒకరికొకరు చూపించకూడదన్నది ఒక్కటే నియమం. నోటితో చెప్పుకుంటూనే మొత్తం ఎనిమిదీ వరసలో పెట్టాలి. 'నా బొమ్మలో గుడ్డ తడిగా ఉంది, నీ బొమ్మలో కుండ ఉందా?' అని అడగక తప్పని పరిస్థితి వస్తుంది. ఎదుటివాడికి తెలియనిది మన దగ్గర ఉంటేనే మాట పుడుతుంది. అందుకే చీటీలు సగం సగం.

సమయం ఇలా పంచుకోండి. జపాన్‌లో ప్రాథమిక బడిలో పీరియడు 45 నిమిషాలు, ఆ పైన 50. కొరియాలో ప్రాథమికంలో 40, తరువాత 45, ఉన్నత పాఠశాలలో 50. తక్కువ లెక్కకే పాఠం కట్టుకోండి. ఒక రేకు ఫొటో చూపించి ఇదేమిటో ఊహించమనడానికి 5 నిమిషాలు. కాగితమని, గుడ్డ అని చెబుతారు, అది మంచిదే. కొత్త మాటలకి 5 నిమిషాలు. ఎనిమిది మాటలు దాటకూడదు, దాటితే జతపని మధ్యలో నిఘంటువుల వేట మొదలవుతుంది. చీటీల పనికి 15. తరువాత 10 నిమిషాలు పిల్లలే తమ ఊరి వంట ఒకటి అయిదు మెట్లలో చెప్పాలి. అసలు మార్పిడి అప్పుడే జరుగుతుంది. మిగిలిన 5 నిమిషాల్లో రెండు జతలు లేచి చెబితే సరి.

తినేవి తరగతిలో పంచాలని సరదా పడకండి. ఎవరికి ఏది పడదో మీకు తెలియదు. పైగా నెయ్యి పాల పదార్థం, చాలా దేశాల్లో విమానాశ్రయంలోనే పశు ఉత్పత్తుల తనిఖీ ఉంటుంది. పంచాలనే ఉంటే బడివాళ్ళ అనుమతి రాతలో తీసుకోండి. దానికి బదులు నరసాపురం లేసు ముక్కలు నాలుగు పట్టుకెళ్ళండి. బరువు ఉండదు, పాడవదు, ఏ కస్టమ్స్ వాడూ ఆపడు. లేసుతో ఒక చక్కని ఆట ఉంది. ఒకరు ముక్క పట్టుకుని అల్లికని వర్ణించాలి: మధ్యలో గుండ్రం, చుట్టూ ఆరు రేకులు, అంచున చిన్న మెట్లు. చూడని మరొకరు వింటూ బొమ్మ గీయాలి. చివర రెండూ పక్కపక్కన పెడతారు. స్థలం చెప్పే మాటలన్నీ ఆ పది నిమిషాల్లో దొర్లుతాయి. బొమ్మ తప్పు వస్తే నవ్వుకుంటారు. ఆ నవ్వులో తప్పు ఇంగ్లిష్ భయం కూడా కొంత పోతుంది.

గోదావరి పటం కూడా ఇలాగే వాడొచ్చు. ధవళేశ్వరం దగ్గర నది గౌతమి, వశిష్ఠగా చీలడం, వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోవడం, అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలవడం. పటం రెండు కాపీలు తీసి ఒకదాంట్లో కొన్ని పేర్లు, రెండోదాంట్లో మిగతావి చెరిపేయండి. 'యానాం ఏ పాయ మీద ఉంది?' అని పక్కవాణ్ణి అడగందే పటం నిండదు. సంక్రాంతిని మాత్రం మొదటి పాఠంగా పెట్టొద్దు. కోడిపందాల దాకా వెళ్ళాక 'అది చట్టబద్ధమేనా' అని అడిగితే మీరు ఇరుక్కుంటారు. ఆ ప్రశ్నకి మీరు నిజాయితీగా చెప్పే జవాబు అర్థమయ్యేంత భాష మీ పిల్లలకి వచ్చాక చూడొచ్చు.

రాజోలు నుంచి ఒక పాఠకురాలు: మా ఉచ్చారణ తెలుగు యాస అని తీసిపారేస్తారేమోనని భయం. ఆరు వారాల్లో ఏం సరిచేసుకోగలను?

యాస పోవాల్సిన పని లేదు. వినేవాడికి మాట తేలిగ్గా అందాలి, అంతే. జెట్ వాళ్ళ అర్హతల్లో కూడా ఉచ్చారణ, లయ, స్వరం ప్రమాణంగా ఉండాలని ఉంటుంది గానీ ఫలానా దేశపు యాస కావాలని ఉండదు. మనవాళ్ళకి అడ్డం వచ్చేవి నాలుగైదే.

మొదటిది, ఇంగ్లిష్‌లో రెండు వేరు ధ్వనులున్న చోట మనకి ఉన్నది ఒక్క 'వ'. ఇంగ్లిష్‌లో తీగకీ (vine), ద్రాక్షసారాకీ (wine) ఉన్న మాటలు రెండూ మన నోట ఒకటే అయిపోతాయి. తీగకి పై పళ్ళు కింది పెదవిని తాకాలి. సారాకి పెదాలు సున్నాలా చుట్టాలి, పళ్ళు ఎక్కడా తగలకూడదు. అద్దం ముందు రోజూ రెండు నిమిషాలు చేయండి.

రెండోది, జంతు ప్రదర్శనశాలని (zoo) 'జూ' అనడం. 'స్‌స్‌స్' అని లాగుతూ గొంతు మీద వేలు పెట్టుకుని, నాలుక కదపకుండా గొంతు మోగించండి. వేలికి ఎక్కడ కంపనం తెలిసిందో అక్కడే ఆ ధ్వని ఉంది.

మూడోది మాట చివర అచ్చు: బస్సు, బుక్కు, కప్పు. ఇక్కడ ఒక తమాషా ఉంది. జపాన్ పిల్లలు కూడా పుస్తకాన్ని 'బుక్కు' అనే అంటారు, కప్పుని 'కప్పు' అనే అంటారు! వాళ్ళ భాషా మన భాషలాగే మాటని అచ్చుతో ముగించడానికి ఇష్టపడుతుంది. వాళ్ళ ఇబ్బంది మీకు ఇట్టే అర్థమవుతుంది, అది మేలు. కీడు ఏమిటంటే, పిల్లాడు 'బుక్కు' అంటే మీ చెవికి తప్పుగా వినబడదు. అందుకే ముందు మీ చెవి సరిచేసుకోవాలి. వియత్నాం పిల్లలకి దీనికి ఎదురు జబ్బు: చివరి హల్లుని మింగేస్తారు. వాళ్ళకి చివర నొక్కి చెప్పించాలి.

వీటన్నిటికంటే వినేవాణ్ణి ఎక్కువ తికమక పెట్టేది ఊనిక. తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లిష్ మాటలో ఒక్క చోట బరువు పడి మిగతావి నలిగిపోతాయి. 'ఫొటోగ్రాఫ్'లో బరువు మొదటి అక్షరం మీద, 'ఫొటోగ్రఫర్'లో రెండో దాని మీద. 'హోటల్', 'డెవలప్' రెండింటికీ బరువు రెండో చోట. రోజుకి అయిదు మాటలు నిఘంటువులో ఊనిక గుర్తు చూసి, వాటితో ఒక నిమిషం మాట్లాడి ఫోనులో రికార్డు చేసుకోండి. మర్నాడు విని మళ్ళీ చెప్పండి. ఆరు వారాలకి రెండు వందల మాటలు దాటతాయి.

కొన్ని వాడుకలు కూడా ఇంటి దగ్గరే వదిలి వెళ్ళండి. ప్రశ్న అడగడానికి 'డౌట్ ఉంది' అంటే నా మాట నమ్మడం లేదా అనుకుంటారు. 'పాస్డ్ అవుట్' అంటే స్పృహ తప్పారని అర్థం. 'గుడ్ నేమ్', 'కజిన్ బ్రదర్' మన దేశంలోనే చెల్లుతాయి. లక్షలు, కోట్లు ఎవరికీ అర్థం కావు, పది లక్షలు ఒక మిలియన్ అని నోటికి రావాలి. ఇవి తప్పులు కావు, మన ఇంగ్లిష్‌వి. పిల్లలు మాత్రం వాళ్ళ పరీక్షల ఇంగ్లిష్ రాయాలి కదా.

తణుకు నుంచి ఒక పాఠకుడు: ఒక ఏజెంటు మూడు లక్షలు కడితే విదేశీ బడిలో టీచరుగా చోటు ఖాయం అంటున్నాడు. కాగితాలన్నీ తనే చేయిస్తాడట.

ఫుల్‌బ్రైట్, జెట్, ఎపిక్ మూడింటికీ దరఖాస్తు రుసుము లేదు. వాటి పేరు చెప్పి డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. అమెరికా బడుల్లో పూర్తి జీతంతో పనిచేసే జె-1 టీచరు వర్గం వేరు. అందులో స్పాన్సర్ సంస్థలు రుసుము తీసుకుంటాయి, అది అక్రమం కాదు. కానీ ఆ సంస్థ అమెరికా విదేశాంగ శాఖ గుర్తించినదై ఉండాలి. ఆ జాబితా ఆ శాఖ జె-1 వెబ్‌సైటులో అందరికీ కనబడుతుంది. మీ ఏజెంటు చెప్పిన పేరు అందులో లేకపోతే మూడు లక్షలు గోదాట్లో వేసినట్టే. ఆ వర్గానికి కనీసం రెండేళ్ళ బోధనానుభవం కావాలి. 'అనుభవం సర్టిఫికెట్ పుట్టిస్తా' అనేవాడు మిమ్మల్ని మోసంలో భాగస్థుణ్ణి చేస్తున్నాడు. దొరికితే పోయేది మీ వీసా, అతని కమీషను కాదు.

ఇంగ్లిష్ బోధనలో 120 గంటల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కూడా అంటగడతారు. కొన్ని చోట్ల పనికొస్తుంది, కానీ అందులో నిజం తరగతి ఉండదు. కేంబ్రిడ్జ్ వాళ్ళ సెల్టా అనే బోధన కోర్సు కూడా 120 గంటలే. తేడా ఏమిటంటే అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు పాఠం చెప్పాలి, పరిశీలకులు చూసి మార్కులు వేస్తారు.

కాగితాలు మీరే చేయించుకోవచ్చు. పోలీసు క్లియరెన్సుకి పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైటులో 500 రూపాయలు కట్టి భీమవరం కేంద్రానికో, మీ దగ్గర్లోని పోస్టాఫీసు కేంద్రానికో వెళితే చాలు. దీన్ని మరీ ముందుగా తీసుకోకండి, ఆరు నెలలు దాటితే చాలా చోట్ల చెల్లదు. డిగ్రీకి ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆ తరువాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర. శాఖ రుసుము కాగితానికి 50 రూపాయలు, సేకరించే ఏజెన్సీ సేవా రుసుము అదనం. భారత్ 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది, జపాన్, కొరియా కూడా అందులో ఉన్నాయి. కాబట్టి ఆ దేశాల రాయబార కార్యాలయం ముద్ర మళ్ళీ అక్కర్లేదు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద ఆధారపడొద్దు, కాన్వొకేషన్ పట్టా తీసుకోండి. యూనివర్సిటీ నుంచి అది రావడానికి నెలలు పడుతుంది గనక ముందు దానికే దరఖాస్తు పెట్టండి.

అందరినీ ముంచేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. డిగ్రీలో అది ఒక్క అక్షరం అవుతుంది, పాస్‌పోర్టులో చివరికి వెళుతుంది. పెళ్ళయిన ఆడవాళ్ళకి నాలుగో రూపం కూడా ఉంటుంది. మనకి అన్నీ ఒకరే, విదేశీ గుమాస్తాకి నలుగురు మనుషులు. పాస్‌పోర్టులో మెమోలో ఉన్నట్టే పూర్తి పేరు ఉండేలా ముందే సరిచేయించండి.

నరసాపురం దగ్గరి నుంచి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల టీచరు: నేను వెళ్ళలేను. మా తొమ్మిదో తరగతిని విదేశంలోని ఒక తరగతితో కలిపితే ఇద్దరికీ ఇంగ్లిష్ సాధన అవుతుంది కదా. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు గడియారం చూడండి. మనవాళ్ళందరి చూపూ అమెరికా మీదే ఉంటుంది. కానీ న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదికి బడి మొదలయ్యేసరికి మనకి వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. పైగా వాళ్ళు మార్చిలో, నవంబరులో గడియారం మారుస్తారు. ఆ వారం పిలుపులన్నీ తప్పుతాయి. అమెరికాతో అయితే రికార్డు చేసిన వీడియోలు, ఉత్తరాలే సాధ్యం. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు: మనకి పది అయితే వాళ్ళకి ఒంటిగంటన్నర, చక్కగా మధ్యాహ్నం పీరియడు. వియత్నాం గంటన్నర ముందు. మనకి పదిన్నర అయితే వాళ్ళు భోజనానికి లేస్తారు గనక పొద్దున తొమ్మిదిన్నరకే పెట్టుకోవాలి.

మీకు మా సలహా వియత్నాం దక్షిణాన మెకాంగ్ డెల్టా. అదీ నది చీలి సముద్రంలో కలిసే నేలే. తొమ్మిది డ్రాగన్లు అని వాళ్ళు పిలుచుకునే పాయలు, వరి, కొబ్బరి, రొయ్యల చెరువులు, పడవలు. రెండు వైపుల పిల్లలకీ తెలిసిన సరుకు ఒకటే, పేర్లూ పద్ధతులూ వేరు. 'మీరు కొబ్బరి పీచుని ఏం చేస్తారు?' అన్న ప్రశ్నకి నిజమైన జవాబు వస్తుంది. మంచు ఎలా ఉంటుందని అడిగితే ఒక వాక్యంతో అయిపోతుంది. వాళ్ళకీ ఇంగ్లిష్ పరాయిదే కాబట్టి మీ పిల్లలు బెదరరు.

క్యాలెండరు రెండో చిక్కు. మనకి జూన్ 12 నుంచి ఏప్రిల్ దాకా, వాళ్ళకి సెప్టెంబరు నుంచి మే దాకా. మన దసరా, సంక్రాంతి సెలవులు, వాళ్ళ టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం పండగ) సెలవులు, మధ్యలో మన తుపాన్లు తీసేస్తే మిగిలేవి నవంబరు మధ్య నుంచి డిసెంబరు మూడో వారం దాకా. తుపాను హెచ్చరిక వస్తే వారం జరుపుకోవాలని ముందే అవతలి టీచరుకి చెప్పి ఉంచండి.

నాలుగు వారాలకి కుదించండి. ఏడాదంతా అని మొదలుపెట్టినవి సాధారణంగా రెండో నెలలో చస్తాయి. మొదటి వారం అయిదుగురికొక జట్టు, జట్టుకొక ఫొటో, దాని కింద అయిదు వాక్యాలు. రెండో వారం అవతలి ఫొటో మీద మూడు ప్రశ్నలు. మూడో వారం జవాబుగా రెండు నిమిషాల వీడియో. నాలుగో వారంలోనే ప్రత్యక్ష పిలుపు, అదీ 30 నిమిషాలు. మొదటి రోజే పిలుపు పెడితే రెండు వైపులా నలభై మంది చేతులూపుతారు, 'వాట్ ఈజ్ యువర్ నేమ్' అంటారు, అయిపోతుంది. నాలుగో వారానికి వాళ్ళకి ఒకరికొకరు తెలుసు, మాట్లాడటానికి విషయం ఉంది.

పిలుపు రోజు చెడేది చిత్రం కాదు, శబ్దం. ఫ్యాన్లు ఆపండి. ఒకే గదిలో రెండు ఫోన్లు కలిపి ఉంచితే కూత పెడుతుంది, ఒకటే ఉంచండి. మాట్లాడే జట్టు ఫోనుకి మూరెడు దూరంలో కూర్చోవాలి, మిగతావాళ్ళు వెనక. కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకోండి. వైఫై ఆగినా నడిచేలా ఒక ఫోను నిండా ఛార్జి, డేటా ఉండాలి. ముందురోజు అదే సమయానికి టీచర్లిద్దరూ ఒకసారి కలిపి చూసుకోవాలి.

హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు రాతలో తీసుకోండి. పిల్లల ఇంటిపేర్లు, ఊరు, ఫోను నంబర్లు అవతలికి వెళ్ళకూడదు. టీచర్ల ఖాతాల ద్వారానే నడవాలి.

అవతలి తరగతి దొరకడం లేదంటే ఒక చిట్కా. అమెరికాలో జె-1 మీద పనిచేస్తున్న టీచర్లు ఏటా రెండు సాంస్కృతిక పనులు చేసి నివేదిక ఇవ్వాలన్నది నిబంధన. తమ దేశం గురించి అక్కడి బడికి చెప్పడం ఒకటి. రెండోది అక్కడి పిల్లల్ని వేరే దేశపు బడితో, వీలైతే తమ సొంత బడితోనే, మాట్లాడించడం. అంటే మీ జిల్లా నుంచి వెళ్ళిన టీచరుకి మీ తరగతి అవసరం ఉంది. మీరు అడగడమే తరువాయి.

కాకినాడ నుంచి: ఒక విదేశీ టీచరు మా ప్రైవేటు బడిలో నెల రోజులు ఇంగ్లిష్ చెప్పి మా ఇంట్లోనే ఉంటానంటున్నారు. ఇబ్బంది ఉందా?

జీతం, భత్యం, బదులుగా ఏ లాభమూ లేకుండా, నెల మించకుండా చేసే స్వచ్ఛంద సేవని ఈ-పర్యాటక వీసా అనుమతిస్తుంది. డబ్బిస్తే అది ఉద్యోగం, వీసా వేరు. ఇంట్లో దిగిన 24 గంటల్లోగా విదేశీ అతిథి వివరాల ఫారం (ఇదివరకు ఫారం-సి అనేవారు) ఆన్‌లైన్‌లో నింపాల్సిన బాధ్యత మీది, అతిథిది కాదు. హోటళ్ళకే అనుకుని ఇళ్ళవాళ్ళు మర్చిపోతుంటారు.

ముమ్మిడివరం పాఠకుడు, ప్రస్తుతం విదేశంలో సహాయక టీచరు: ఇక్కడి టీచరు నన్ను టేప్ రికార్డరులా వాడుతున్నారు. పాఠం చదవమంటారు, పిల్లలు నా వెనక పలుకుతారు, అంతే. ఇంకేమీ చేయనివ్వరు.

అది ఆయన పొగరు కాకపోవచ్చు. మార్కులకి జవాబు చెప్పాల్సింది ఆయన, తరగతి ఆయనది. మీరు ఏడాదికి వెళ్ళిపోయే అతిథి. పైగా చాలామంది స్థానిక టీచర్లకి పిల్లల ముందు మీతో ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటేనే జంకు. మీ ప్రతిపాదన ఆ జంకు పెంచేలా ఉండకూడదు.

గంట మొత్తం ఇవ్వమని అడగకండి. ఎనిమిది నిమిషాలు అడగండి. వారానికొకసారి, పాఠానికి ముందురోజు, ఒక్క కాగితం ఇవ్వండి. ఏ పేజీ, ఆ రోజు వ్యాకరణ అంశం ఏది, నా ఎనిమిది నిమిషాలు ఎప్పుడు, ఎవరు ఎక్కడ నిలబడతారు: ఇంతే. ఆ ఎనిమిది నిమిషాల పని పాఠ్యపుస్తకంలోని అంశం మీదే ఉండాలి. భూతకాలం చెబుతుంటే మీ ఊరి ఫొటో ఒకటి, మీరు చెప్పే మూడు వాక్యాల్లో ఒకటి అబద్ధం, ఏదో పిల్లలు ప్రశ్నలడిగి పట్టుకోవాలి. ఆయన పని నలభై మందిని జతలుగా కూర్చోబెట్టి, నియమం వాళ్ళ భాషలో చెప్పడం. అది మీకంటే ఆయనే బాగా చేస్తారు, ఆ మాట ఆయనకి చెప్పండి.

ఆయన చెప్పిన ఇంగ్లిష్‌లో తప్పు దొర్లితే పిల్లల ముందు దిద్దొద్దు. అదే వాక్యాన్ని కాసేపయ్యాక మీ మాటల్లో సరిగ్గా వాడండి, చాలు. స్టాఫ్ రూములో ఆయన వచ్చి అడిగితే అప్పుడు చెప్పండి. మొదటి నెలంతా టేప్ రికార్డరు పని కూడా శ్రద్ధగా చేయండి. కాకపోతే వాక్యాన్ని ఒకసారి మామూలుగా, ఒకసారి కోపంగా, ఒకసారి గుసగుసగా చదివి, ఏది ఎప్పుడు అంటారో పిల్లల్ని ఊహించమనండి. అనుమతి అడగాల్సిన పని లేని మార్పు అది.